గొంతు అప్పగింత

మండోదరి మాట్లాడిన రోజున మా ల్యాబులో ఏసీ చెడిపోయి ఉంది. ఉక్కకు తోలుబొమ్మ ముడుచుకుపోతుంది కాబట్టి నేను తేమ కొలిచే మీటరు ఒళ్ళో పెట్టుకుని, నా చక్రాల కుర్చీని బల్లకు ఆనించి, బొమ్మ మీది నుంచి కళ్ళు తిప్పకుండా కూర్చున్నాను. పాత వస్తువులు పాడవకుండా చూడటం నా ఉద్యోగం. మనుషులు పాడవకుండా చూసే ఉద్యోగం మా మ్యూజియంలో ఎవరికీ లేదు.

బల్లకు అవతల తుంగమ్మ కూర్చుంది. తలకు పట్టీ, పట్టీ నుంచి జడల్లాంటి వైర్లు. ధర్మవరం దగ్గర బొమ్మలాట వాళ్ళ ఇంటి మనిషి. బల్ల మీద పరిచిన మండోదరి బొమ్మ ఆమె తల్లి హనుమక్క ఆడించినదే. తుంగమ్మ ఎనిమిదో క్లాసులో బడి మానేసి ఆ తల్లి పక్కనే పాటకు తాళం వేసింది. హనుమక్క పోయి చాలా ఏళ్ళయింది. బొమ్మలు చేతులు మారి మా మ్యూజియానికి చేరాయి. వాటి వెనకే, ఇన్నాళ్ళకు, తుంగమ్మ చేరింది.

"ఏం సార్, నొప్పి పెడతాదా?" అని అడిగింది తుంగమ్మ.

"కాస్త తలనొప్పి ఉండొచ్చమ్మా. రెండు రోజుల్లో పోతుంది," అన్నాడు చిదంబరం. ఆ యంత్రం కనిపెట్టింది ఆయనే. దానికి ఆయన పెట్టుకున్న పేరు పలకడానికి నోరు తిరగదు. మేమందరం గొంతుపెట్టె అనేవాళ్ళం.

బొమ్మలాటలో పాడేవాళ్ళు తెర వెనక బొమ్మను దాదాపు మొహానికి ఆనించుకునే పాడతారు. పక్కనే ఆముదం దీపాలు. ఆ పొగ తోలు మీద ఏళ్ళ తరబడి పొరలుగా పేరుకుంటుంది. పాట అదురుకు తోలు అదురుతుంది, ఆ అదురు పొగపొరలో సన్నటి గీతలుగా నిలిచిపోతుంది. చిదంబరం ఎర్రటి వెలుగుచుక్కను ఆ గీతల మీద నడిపిస్తే లౌడ్‌స్పీకర్లో జుమ్మని రొద వస్తుంది. ఒట్టి రొదే. దానిలోంచి గొంతు రావాలంటే ఆ గొంతును ఎరిగిన మనిషి కావాలి. ఆ మనిషి రొద వింటూ గొంతును గుర్తు చేసుకుంటే, తలపట్టీ ఆ గుర్తును అందుకుని రొదకు తొడుగుతుంది.

తుంగమ్మ కళ్ళు మూసుకుంది. రొద సాగింది. కాసేపటికి ఆ రొద నడుమ ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. నా ఒళ్ళోంచి మీటరు జారింది.

"పది తలలున్న మగడా, ఒక్క తలతోనైనా నా మాట వినవా..."

ముదురు గొంతు. కాస్త జీర. పొగాకు నమిలే మనిషి గొంతు. చిదంబరం గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. తుంగమ్మ కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

"మా యమ్మ," అంది నా వైపు చూసి. "ఇన్నావా మేడం? మా యమ్మ!"

* * *

మా మ్యూజియం సంగతి కొంచెం చెప్పాలి. కర్నూలులో ఉంది. లోపల ఉన్న వస్తువులన్నీ ఎవరివో ఆ మనుషులు టికెట్టు కొనుక్కుని కూడా లోపలికి వచ్చేవారు కాదు. పొరపాటున వస్తే గార్డు రెండోసారి తేరిపార చూసేవాడు. అద్దాల్లో చెంచుల విల్లు, బుడబుక్కల వాళ్ళ డమరుకం, మా పేటలో మా తాత వాయించిన డప్పు లాంటిదొకటి. ఆఫీసు గదుల్లో మాత్రం ఎప్పుడూ అవే నాలుగు ఇంటిపేర్లు.

డైరెక్టరుగా మాలతి గారు వచ్చాక అది మారింది. మంచి మనిషి. ఇది నేను వెటకారంగా అనడం లేదు. వస్తువు ఎవరిదో ఆ మనుషులు ఇక్కడ జీతం తీసుకుని పనిచేయాలి అని పట్టుబట్టి, పైవాళ్ళతో పోట్లాడి సాధించింది ఆవిడే. నేను చేరినప్పుడు ముందు గుమ్మానికి ర్యాంపు కట్టించి, దాని మీద నా కుర్చీని నిలిపి ఫోటో తీయించింది కూడా ఆవిడే. మీటింగు హాలు మేడ మీద ఉంది. లిఫ్టు వస్తుందన్నారు. ఇంకా వస్తూనే ఉంది.

అలా చేరిన వాళ్ళలో తుంగమ్మ ఒకామె. మెడలో కార్డు, కార్డు మీద 'సహ సంరక్షకురాలు' అని పెద్ద అక్షరాలు. మొదటి నెల ఆ కార్డు తీయకుండానే అన్నం తినేది. ఒకసారి సాంబారు పడితే కొంగుతో తుడిచి, చూడమని నా ముందు పెట్టింది.

"పోయిందా మేడం మరక?"

"పోయింది గానీ తుంగక్కా, నన్ను మేడం అనొద్దు. ఎస్తేరు అను."

"కుర్చీలో కూచున్నోళ్ళను పేరు పెట్టి ఎట్ల పిలిచేది?"

"నేనెప్పుడూ కుర్చీలోనే ఉంటాను గదా. ఇంక నన్ను పేరుపెట్టి ఎవరు పిలవాలి?"

గట్టిగా నవ్వింది. ఆ రోజు నుంచి ఎస్తేరమ్మా అనేది. ఆ నవ్వుకు క్యాంటీన్లో అందరూ మా వైపు తిరిగారు. మేము లెక్కపెట్టలేదు.

మండోదరి తరువాత సీత, సీత తరువాత తార, శూర్పణఖ. హనుమక్క ఎత్తిన ఆడవేషాలన్నీ ఒకదాని తరువాత ఒకటి మాట్లాడాయి. మిగతా 'సహ సంరక్షకులు' కూడా వచ్చి ఆ తలపట్టీ కిందే కూర్చున్నారు. చెంచు గూడెం నుంచి వచ్చిన ఒకామె నెగళ్ళ పొగ పట్టిన తన తాత పిల్లనగ్రోవిని వినిపించింది. బొమ్మల తోలు ఎలా పదును చేస్తారో, చిరిగితే ఏ నరంతో కుడతారో తుంగమ్మ నాకు చెప్పేది. నేను అది రిపోర్టులో రాసి పైకి పంపేదాన్ని. పైనుంచి ఎప్పుడూ ఒకటే జవాబు: తరువాతి బొమ్మ ఎప్పుడు?

కొత్త గ్యాలరీ తెరిచిన రోజు జనం తోసుకున్నారు. అద్దం లోపల మండోదరి, అద్దం ముందు ఎర్ర బటన్. నొక్కితే హనుమక్క పాడుతుంది. బడిపిల్లలు వచ్చి పాట పూర్తి కాకుండానే మళ్ళీ మళ్ళీ నొక్కారు. "పది తలలున్న... పది తలలున్న... పది తలలున్న..." అంటూ హనుమక్క మొదటి మాట దగ్గరే తడబడింది.

తుంగమ్మ చాలాసేపు అక్కడే నిలబడి, చివరికి నా దగ్గరికి వచ్చింది.

"పుచ్చుకున్నోళ్ళు ఎవురు ఎస్తేరమ్మా?"

నాకు అర్థం కాలేదు.

"మాలో ఒగ పద్ధతుండాది. బొమ్మ పాతబడితే ఏటికి తీసకపోయి, మనిషికి చేసినట్టే చేసి, నీళ్ళల్లో కలుపుతాము. కానీ దానికి ముందు, ఆ బొమ్మకు గొంతు ఇచ్చినోళ్ళు ఆ గొంతును ఇంగొకరికి అప్పజెప్పల్ల. కూచోబెట్టుకోని, మాట మాటా పలికించి, సరిగ్గా వచ్చినాక చాలు అనల్ల. అప్పజెప్పినాక పెద్దోళ్ళు మళ్ళా ఆ గొంతు ఎత్తరు. ఎత్తకూడదు. అది ఇంగ పుచ్చుకున్నోళ్ళది."

"మీ అమ్మ నీకు అప్పజెప్పిందా?"

"లే. జరం వచ్చి ఉన్నట్టుండి పోయె. నాకు తాళమే వచ్చు. అందుకే మీ మిషను కింద కూచున్నా. మా యమ్మ గొంతును అప్పజెప్పే పని నేను చేస్తాండా అనుకున్నా." బటన్ దగ్గర మూగిన పిల్లల వైపు చూసింది. "అప్పజెప్పితే అప్పజెప్పినా గానీ, పుచ్చుకునే నోరు యాడుండాది?"

మరుసటి వారమే ఆమె మాలతి గారిని అడిగింది, వారానికి ఒకరోజు ఇద్దరు ముగ్గురు పిల్లలను కూర్చోబెట్టుకుని ఆ పాటలు నేర్పుతానని. మాలతి గారు చాలా సంతోషించారు. మంచి ఆలోచన అన్నారు. గది ఖాళీ లేదు, చూద్దాం అన్నారు.

* * *

తుంగమ్మ, ఆమె కూతురు సుభద్ర పాతబస్తీలో ఒక చిన్న వాటాలో ఉండేవారు. సుభద్ర ఇంటరు చదువుతోంది. ఆ పిల్ల కడుపులో ఉండగానే తండ్రి మారుతిరావు పోయాడు. ఆట ముగించుకుని వస్తుంటే వ్యాను బోల్తా పడింది. ఆయన జుట్టుపోలిగాడి ఆటగాడు. రామాయణం మధ్యలో దూరి జనాన్ని నవ్వించే పోలిగాడు మాట్లాడితే ముసలివాళ్ళు కూడా పంచె నోటికి అడ్డం పెట్టుకునేవారట. ఆ బొమ్మ కూడా మా దగ్గరే, మూడో అరలో ఉంది.

ఒక ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. మెట్ల దగ్గర తల్లీకూతుళ్ళిద్దరూ నా కుర్చీని ఎత్తి లోపల పెట్టారు. రాగిసంగటి, చెనిక్కాయల పచ్చడి. సుభద్ర వడ్డిస్తూ, ఎంతోకాలంగా దాచుకున్న మాటలా అడిగింది.

"అక్కా, మా నాయన గొంతు కూడా తీస్తారా? పోలిగాడి బొమ్మ మీకాడే ఉండాది గదా. నేను ఒగసారన్నా ఇనలేదు. ఫోన్లో గూడా లేదు. అందరూ మీ నాయన అట్ల నవ్విస్తాడు, ఇట్ల నవ్విస్తాడు అంటారు. నాకు ఫోటోనే తెలుసు."

"తీస్తారులే పాపా, దాని వంతు రానీ," అంది తుంగమ్మ. అంటూనే చేతిలో గరిటె పట్టుకుని ఆగిపోయింది.

భోజనాలయ్యాక కూతురు గిన్నెలు తోమడానికి వెళ్ళింది. తుంగమ్మ నా పక్కన గోడకు చేరబడింది.

"ఎస్తేరమ్మా, నీకు మీ యమ్మ గుర్తొస్తే ఎట్ల గుర్తొస్తాది?"

"మొహం. చర్చికి కట్టుకునే తెల్లచీర. నన్ను తిట్టడం."

"తిట్టేది ఇనపడతాదా?"

"వినపడకేం. చెవులు చిల్లులు పడేలా వినపడుతుంది."

తుంగమ్మ నవ్వలేదు. "మా యమ్మ కనపడతాది. పెదాలు ఆడిస్తాది. గొంతు రాదు," అంది. "మొదట్లో అలుపు అనుకున్నా. నిన్న గ్యాలరీలో బటను ఒత్తినారు. నేను తిరిగి చూసినా, ఎవురబ్బా ఇంత బాగా పాడేది అని. తిరిగినాక బోర్డు చూసి తెలుసుకున్నా, మా యమ్మ అని. అదొక్కటే కాదు. తిట్టిందని గుర్తుండాది. ఏల తిట్టిందో పోయింది. ఆ పొద్దు నేనేం చేసినానో పోయింది."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

* * *

చిదంబరం అబద్ధం చెప్పలేదు. అది ఆయనకు ఇవ్వాల్సిన మర్యాద. మేము వెళ్ళి చెప్పింది విన్నాక యంత్రం మీద చేయి పెట్టుకుని నిలబడ్డాడు.

"మనం ఏదైనా గుర్తు చేసుకున్నప్పుడు ఆ జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుంది. మళ్ళీ తన చోటికి పోయి గట్టిపడుతుంది. పట్టీ దాన్ని మెత్తగా ఉన్నప్పుడే లాగుతోంది. తవ్వి తీసిన దుంప లాగా, మళ్ళీ నాటుకోవడం లేదు. గొంతుతో పాటు చుట్టూ ఉన్న మట్టి కూడా వచ్చేస్తోంది."

"ముందు తెలీదా సార్?" అని అడిగాను.

"నా మీద చేసి చూసుకున్నాను. మా హైస్కూలు లెక్కల మాస్టారి గొంతు తీశాను. పోయింది కాబోలు. ఆయన గొంతుతో నాకేం పని? పోయిందని కూడా నేను చూసుకోలేదు."

"మళ్ళా వినిపిస్తే రాదా?" అంది తుంగమ్మ.

"వింటారు. కొత్తగా వింటారు. వేరేవాళ్ళు విన్నట్టు."

ఆమె తల ఊపింది. చెంచు ఆమెను పిలిపించి అడిగితే తాత పిల్లనగ్రోవి పట్టుకోవడం గుర్తుంది, పాట లేదు. ఇల్లు మారినందువల్ల అనుకుందట ఆమె. అందరూ ఏదో ఒక కారణం చెప్పుకుని ఊరుకున్నారు. ఇలాంటి చోట ఉద్యోగం వచ్చిన మనిషి ముందుగా తననే అనుమానించుకుంటుంది.

మ్యూజియం కమిటీ కూర్చుంది. తుంగమ్మను మేడ మీదికి రమ్మన్నారు. నన్ను ల్యాబులోంచి ఫోన్లో చూస్తూ ఉండమన్నారు.

"ఎస్తేరమ్మ రాలేని కాడికి నేను రాను," అంది తుంగమ్మ. "మీరే దిగండి."

దిగారు. అన్నేళ్ళలో మొదటిసారి మా మ్యూజియం మీటింగు కింద, విరిగిన విగ్రహాలు పెట్టే గదిలో జరిగింది. కుర్చీలు చాలక ఇద్దరు పెద్దమనుషులు చెక్కపెట్టెల మీద కూర్చున్నారు.

మాలతి గారు అంతా విని ఏడ్చారు. అది నటన కాదు. "ఈరోజు నుంచే యంత్రం ఆపేస్తున్నాం," అన్నారు. "ఇది ఇక్కడ ఉండటానికి వీల్లేదు. శనివారానికల్లా విప్పి పంపించేయండి." ఎవరూ కాదనలేదు. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది.

అప్పుడు పక్కనున్నాయన గొంతు సవరించుకున్నాడు. "మరి మేడం, సహ సంరక్షకుల పోస్టులు ఈ ప్రాజెక్టు కిందే ఉన్నాయి. యంత్రం పోతే ప్రాజెక్టు ఉండదు. ప్రాజెక్టు లేకపోతే..."

మాలతి గారు కళ్ళు తుడుచుకోవడం ఆపారు. ఆ సంగతి ఆవిడకూ తట్టలేదని మొహం చూస్తేనే తెలిసింది.

"మిషను ఆపండి సామీ," అంది తుంగమ్మ. "మమ్మల్ని ఏల ఆపుతారు?"

"అది కాదమ్మా," అన్నాడాయన మర్యాదగానే. "యంత్రం లేకపోతే ఇక్కడ మీరు చేసే పని ఏముంటుంది?"

తుంగమ్మ మెడలోని కార్డును చేతిలోకి తీసుకుంది. "ఈడ ఏందో రాసినారు గదా సార్. కాపాడేదానికి అని. పిల్లోళ్ళకు నేర్పిస్తానంటే గది లేదంటిరి. బొమ్మకు నూనె పెడతానంటే ముట్టుకోవద్దంటిరి. మీటింగుకు పిలిచింది ఈ పొద్దే. మీరు నన్ను పనిలో పెట్టుకున్నారా, నా తలకాయిని పెట్టుకున్నారా?"

జవాబు నేను చెప్పాను. బొమ్మల తోలు గురించి ఆమె చెప్పిందంతా నా రిపోర్టుల్లో ఉందని, ఆమె పోతే నాతో పాటు పనిచేసే మనిషి పోతుందని, ఆమెను నా విభాగంలో వేయమని అడిగాను. నా విభాగానికి డిగ్రీ కావాలన్నారు. నా గొంతు పెద్దదైంది. ఒకాయన నా చక్రాల వైపు చూసి, మీ ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు. అంతకన్నా ఎక్కువ కోపం నాకు జీవితంలో రాలేదు.

మాలతి గారు పైకి రాసి చూస్తానన్నారు. రాశారు కూడా. పైనుంచి జవాబు వచ్చేలోపు శనివారం వచ్చేసింది.

* * *

ఆ శనివారం మధ్యాహ్నం చిదంబరం వైర్లు చుడుతుండగా తుంగమ్మ వచ్చింది. వెనకాలే సుభద్ర, ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది.

"సార్, ఆ పట్టీ ఇంగొక్కసారి పెట్టండి. పోలిగాడికి."

"వద్దమ్మా," అన్నాడు చిదంబరం. "తెలిసి తెలిసి నేను చేయను."

"తెలియనప్పుడు మీకోసరం ఎన్నోసార్లు చేసినారు గదా. ఇప్పుడు తెలిసి నాకోసరం ఒగసారి చేయండి."

"మా, నాకొద్దు మా!" సుభద్ర తల్లి భుజం పట్టుకుంది. "నేను అడిగింది తప్పు మా. నాకు ఫోటో చాలు. నీకు నాయనది ఉండేది అదొక్కటే గదా. అది గూడా పోతే నీకేముంటాది?"

"నువ్వుంటావు," అంది తుంగమ్మ.

కూతురిని కుర్చీలో కూర్చోబెట్టి, తాను ఎదురుగా నేల మీద కూర్చుంది. ఇంట్లో సంగటి పెట్టేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఇన్నేండ్లు నాకా గొంతు ఉన్నింది పాపా. నీళ్ళు పోసుకునేటప్పుడు, బస్సులో కూచున్నప్పుడు, నువ్వు జరంతో పండుకున్నప్పుడు, నాతో మాట్లాడతానే ఉన్నాడు. నీకు ఒగ దినమన్నా లేకపాయె. నా తలకాయిలోనే పెట్టుకుంటే నాతోనే మట్టిలో పోతాది. అప్పుడు నీకూ ఉండదు, నాకూ ఉండదు. మా యమ్మది అప్పజెప్పినా, పుచ్చుకునేటోళ్ళు లేరు. ఇది పుచ్చుకునేదానికి నువ్వుండావు. నేర్చుకుంటావా?"

సుభద్ర మొహం తుడుచుకుంది. "నేర్చుకుంటా మా," అంది.

చిదంబరం నా వైపు చూశాడు. నేను మూడో అర తెరిచి, పోలిగాడిని తెచ్చి బల్ల మీద పరిచాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

తుంగమ్మ పట్టీ పెట్టుకున్నాక, "ఒగ నిమిషం ఆగండి సార్," అంది. కళ్ళు మూసుకుంది. మొహంలో చిన్న నవ్వు వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఎవరో చెప్తుంటే వింటున్నట్టు ఒకటి రెండుసార్లు తల ఊపింది. ఆ గదిలో ఒక మగమనిషి మాట్లాడుతున్నాడు, ఆమెకొక్కదానికే వినిపిస్తున్నాడు.

"ఊ," అంది చివరికి. "కానీండి."

ఎర్ర చుక్క తోలు మీద కదిలింది. ఈసారి చిదంబరం లౌడ్‌స్పీకరు కట్టేసి, ఆ ఒట్టి రొదను తుంగమ్మ ఒక్కదానికే ఇయర్‌ఫోన్లలో పెట్టాడు. ముందుగా కూతురు వినాలి అన్నాడు. తీసిన దానిని మ్యూజియం కంప్యూటర్లోకి పోనివ్వకుండా నేరుగా సుభద్ర ఫోన్లోకి ఎక్కించి, యంత్రం ఆపేశాడు. పట్టీ తీసినప్పుడు తుంగమ్మ నుదురు చెమటతో తడిసి ఉంది. మంచినీళ్ళు తాగి, చెంపలు తుడుచుకుంది.

"పెట్టు పాపా. ఇందాం."

సుభద్ర ఫోను నొక్కింది.

"ఏమప్పా, రాముడు సముద్రానికి కట్ట కడతాడంట! మా యింట్లో వానొస్తే సముద్రమే గదా, దానికి కట్ట కట్టే రాముడు యాడా దొరకడా?" జనం నవ్వులు దూరంగా, మసక మసకగా. గొంతు సన్నగా సాగి, ఉన్నట్టుండి బొంగురుపోయి, మళ్ళీ చిన్నపిల్లాడిలా లేచింది. "నవ్వద్దండప్పా, మీరు నవ్వితే నాకేమీ రాదు. తెర ఎనకాల మా యింటిది అలిగి కూచోనుండాది. పొద్దున్నుంచీ సంగటి ముట్టలా. ఆమె నవ్వితేనే ఆట ముందుకు పోయేది. లేకుంటే రాముడు ఈ ఒడ్డునే, సీత ఆ ఒడ్డునే. ఓ యమ్మా, నవ్వు తల్లీ! పాపమప్పా ఆ రాముడు!"

ఆ వెంటనే, బొమ్మకు చాలా దగ్గరగా, ఎవరో ఆడమనిషి ఆపుకోలేక కిసుక్కుమంది.

సుభద్ర నవ్వుతోంది, ఏడుస్తోంది. ఫోనును చెంపకు అదుముకుని, "నాయనా" అంది, పుట్టినప్పటి నుంచి అలా పిలుస్తున్నట్టే. తరువాత తల్లి వైపు తిరిగింది.

తుంగమ్మ నిటారుగా కూర్చుంది. ఎప్పుడు సర్దుకుందో, కొంగు రెండు భుజాల మీదికీ లాక్కుని ఉంది, కొత్త మగమనిషి ఇంట్లోకి వచ్చినప్పుడు కప్పుకున్నట్టు. మొహంలో మర్యాదైన నవ్వు.

"బాగుండాది పాపా మీ నాయన గొంతు," అంది. "మంచి ఆటగాడే." కాసేపు ఆలోచించి, ఆసక్తిగా ముందుకు వంగింది. "ఆ అలిగి కూచున్నామె ఎవురంట? నవ్వినట్టుండాదే?"

సుభద్ర ఫోనును ఒళ్ళో పెట్టుకుని, తల్లి రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వే మా," అంది. "నవ్వినావు."